కెమెరా నుంచి కన్ను తీయకుండా బటన్లు వేళ్ళకు అందాలి

విజయనగరం

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. ఈసారి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి కొత్త కెమెరాతో వస్తావని అమ్మ ఫోన్‌లో చెప్పింది. మెగాపిక్సెళ్ళ సంగతి షాపువాళ్ళే చెబుతారు. నేను బటన్ల సంగతి చెబుతాను.

చాలాకాలం నికాన్ ఎఫ్‌ఎం2 ఫిల్మ్ కెమెరాతో పెళ్ళిళ్ళు తీశాను. వెలుతురు ఎంతసేపు పడాలో చెప్పే షట్టర్ స్పీడు పైన చక్రం మీద, లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే అపర్చర్ లెన్స్ చుట్టూ రింగు మీద. కెమెరా మెడలో వేలాడుతుండగానే ఏ నంబరు మీద ఉందో కనబడేది. రింగు తిప్పితే టిక్కుకో స్టాపు, అంటే వెలుతురు రెట్టింపో సగమో. వేళ్ళే లెక్కపెట్టుకునేవి.

డిజిటల్‌కి మారినప్పుడు డబ్బు చూసుకుని ఒకే చక్రం ఉన్న బాడీ, అంటే లెన్స్ కాక మిగతా కెమెరా, కొన్నాను. మాన్యువల్‌లో చక్రం తిప్పితే షట్టర్ మారుతుంది. అపర్చర్ మార్చాలంటే ఒక బటన్ నొక్కిపట్టి అదే చక్రం తిప్పాలి. ఇంట్లో బాగానే అలవాటైంది. ఆ ఏడు ఆ పొడవాటి సిరిమాను మూడు లాంతర్ల కూడలి దగ్గర నుంచి కోటవైపు కదిలింది. వెలుతురు తగ్గుతోంది, ఒకటే తోపులాట. మాను చివర కూర్చున్న పూజారిగారు సరిగ్గా నా మీదుగా వస్తున్నారు, కింద నుంచి అరటిపళ్ళు ఎగురుతున్నాయి. బటన్ మీద వేలు సరిగా పడలేదు. చక్రం తిరిగింది, మారింది మాత్రం షట్టర్. సెకనులో 250వ వంతు మీద ఉన్నది 60వ వంతుకి పడిపోయింది, ఇక కదిలేదంతా చెదిరిపోతుంది. కెమెరా దించి, చూసి, సరిచేసేసరికి మాను దాటిపోయింది. ఆ విడతలో ఆయన ముఖం ఒక్క ఫ్రేములోనూ నిలవలేదు. ఇప్పటికీ ఆ ఫోటోలు చూస్తే మనసు చివుక్కుమంటుంది.

అందుకే రెండు చక్రాలున్న బాడీయే కొను. చూపుడువేలికొకటి, బొటనవేలికొకటి. నాలుగు వేల రూపాయలు ఎక్కువైనా ఫర్వాలేదు, లెన్స్ తర్వాత కొనుక్కోవచ్చు.

వెలుతురు తగ్గితే కెమెరా సున్నితత్వం పెంచే ఐఎస్‌ఓ బటన్ ఎక్కడుందో కూడా చూడు. నికాన్ డి810లో అది ఎడమ భుజం మీద ఉండేది. తేలినీలాపురంలో పెలికాన్ల కోసం బరువైన లెన్స్ మోస్తున్న ఎడమచేతిని దాని కోసం తీయాల్సి వచ్చేది, ఈలోగా పక్షి లేచిపోయేది. డి500, డి850లకి వచ్చేసరికి దాన్ని షట్టర్ బటన్‌కి వెనకగా తెచ్చారు. ఇప్పుడు చూపుడువేలు చాలు. షట్టర్ బటన్ మీదున్న ఫోకస్‌ని వెనక బొటనవేలి దగ్గరుండే ఏఎఫ్-ఆన్ బటన్‌కి మార్చుకో. జనం తలలు అడ్డొచ్చినప్పుడు బొటనవేలు తీసేస్తే ఫోకస్ ఉన్నచోటే ఉంటుంది. ఇంకోటి, ఆ రోజుకి స్నేహితుల కానన్ అడిగి తెచ్చుకోకు. జూమ్ రింగు నికాన్‌కి ఎదురు దిక్కు తిరుగుతుంది, కంగారులో చెయ్యి పాత అలవాటుకే పోతుంది.

షాపులో కెమెరా కంటికి ఆనించి, దించకుండా షట్టర్, అపర్చర్, ఐఎస్‌ఓ, ఫోకస్ పాయింట్ మార్చి చూడు. నీ చిటికెనవేలు గ్రిప్ కింద గాల్లో వేలాడితే ఆ బాడీ నీది కాదు. కొన్నాక వారంపాటు రాత్రి లైటార్పేసి ఇదే చెయ్యి.

మంగళవారం మధ్యాహ్నానికే మూడు లాంతర్ల దగ్గరికి వచ్చెయ్. నా పక్కన చోటు ఉంచుతాను.

మావయ్య