‘అక్క’ అని కొడితే ‘కక’ అని పడుతోంది!

ప్రశ్న: పదకొండేళ్లుగా ఇంట్లోనే డీటీపీ పని చేస్తున్నాను. టైపింగ్ అంతా ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికలోనే. పది రోజులుగా నా ల్యాప్‌టాప్‌లో ఒత్తులు పడటం లేదు. ‘అక్క’ అని కొడితే ‘కక’, ‘చెల్లెలు’ అని కొడితే ‘చెలలెలు’ వస్తోంది. గట్టిగా నొక్కితే ఒక్కోసారి పడుతుంది. ఫాంటు రెండుసార్లు మార్చినా లాభం లేదు. తెలిసినతను విండోస్ మళ్లీ వేయాలంటున్నాడు. చేతిలో శుభలేఖల పనులున్నాయి, చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: విండోస్ జోలికి వెళ్లకండమ్మా. జబ్బు ఎక్కడుందో మీరు రాసిన ‘అక్క’లోనే తెలిసిపోతోంది. అందులో ఒత్తుతో పాటు ‘అ’ కూడా పోయింది, గమనించారా? ఇన్‌స్క్రిప్ట్‌లో ఆ రెండూ ఇంగ్లిష్ ‘డి’ కీ మీదే ఉంటాయి. ఊరికే నొక్కితే పొల్లు (ఒత్తు పడేది దీనితోనే), షిఫ్ట్ పట్టి నొక్కితే ‘అ’. ఫాంటు పాడైతే అక్షరాల ఆకారం చెడుతుంది గానీ, ఏరి ఏరి ఒక్క కీ మీది రెండు అక్షరాలే మాయం కావు. భాషను ఇంగ్లిష్‌కి మార్చి ‘డి’ కొట్టి చూడండి. తర్వాత ఎవరిదైనా యూఎస్‌బీ కీబోర్డు తెచ్చి తగిలించండి. దాంట్లో సరిగ్గా పడిందంటే తేడా మీ ల్యాప్‌టాప్ కీలోనే.

గట్టిగా నొక్కితే పడుతోందన్నారు, అది మంచి కబురు. కీ కింద కత్తెరలా అల్లుకున్న రెండు సన్నటి ప్లాస్టిక్ ముక్కలు, వాటి మధ్య చిన్న రబ్బరు బుడిపె, దాని అడుగున కరెంటు గీతలున్న పల్చటి షీట్లు ఉంటాయి. బుడిపె దిగి పై షీటును కింది షీటుకు ఆనిస్తేనే అక్షరం పడుతుంది. మీ కీ పూర్తిగా దిగకుండా ఏదో అడ్డుకుంటోందని నా అనుమానం. సంక్రాంతి వెళ్లాక ఒక కాలేజీ అమ్మాయి ఇలాగే ‘ఎన్’ కీ పడని ల్యాప్‌టాప్ నా దగ్గరికి తెచ్చింది. కీ లేపి చూస్తే, కత్తెర సందులో నిలువుగా ఇరుక్కుని ఒక నువ్వుగింజ! అరిసె మీద నుంచి రాలింది. దాన్ని గుండుసూదితో తీయగానే కీ మామూలుగా దిగింది.

ముందు ల్యాప్‌టాప్ ఆపేసి, చార్జర్ తీసేయండి. ఏటవాలుగా పట్టుకుని మెత్తటి బ్రష్‌తో కీ చుట్టూ దులపండి. చాలాసార్లు దీనితోనే బాగవుతుంది. కాకపోతే పాత ఏటీఎం కార్డు అంచుతో కీ మూలను మెల్లగా లేపండి. ఒకవైపు బిగుసుకుంటే రెండోవైపు నుంచి ప్రయత్నించండి, బలవంతం చేయొద్దు. ఆ కత్తెర ముక్కకున్న కొక్కెం గోరంత కూడా ఉండదు, విరిగితే అతకదు. రబ్బరు బుడిపెను మాత్రం పీకొద్దు. స్పేస్, ఎంటర్, షిఫ్ట్ కీల కింద ఇనుప తీగ ఉంటుంది, వాటిని మెకానిక్‌కే వదిలేయండి.

జిగురుగా ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్‌బడ్ తడిపి, పిండి, తుడవండి. శానిటైజర్ వాడకండి, చాలావాటిలో ఉండే గ్లిజరిన్ లోపల జిడ్డుగా మిగిలిపోతుంది. నెయిల్ పాలిష్ రిమూవర్ అసలే వద్దు, అందులోని అసిటోన్‌కి ప్లాస్టిక్ కరుగుతుంది.

ఎప్పుడైనా టీ ఒలికిందా? అలా ఒలికి, ఒకదాని పక్కన ఒకటి లేని నాలుగైదు కీలు ఒక్కసారే పోతే, లోపలి గీత దెబ్బతిన్నట్టే. అప్పుడు కీబోర్డు మార్చక తప్పదు. కొన్ని మోడళ్లలో అది పై మూతకు రివిట్లు కొట్టి ఉంటుంది, ఖర్చు ఎక్కువవుతుంది. ఎంతవుతుందో ముందే అడగండి.

ఈలోపు పని ఆగకుండా ఒక మార్గముంది. తెలుగులో పెద్దక్షరాలు లేవు కనుక క్యాప్స్ లాక్ మీకు ఖాళీగానే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో కీబోర్డ్ మేనేజర్ తెరిచి క్యాప్స్ లాక్‌ను ‘డి’గా మార్చుకోండి. పొల్లు, ‘అ’ రెండూ ఎడమ చిటికెన వేలి దగ్గరికి వస్తాయి. ఒక పూటలో అలవాటవుతుంది.

ఇంకో మాట. ఈ పది రోజుల్లో ప్రెస్సుకు పంపిన శుభలేఖలన్నీ ఈ పూటే మళ్లీ చదవండి, ముఖ్యంగా పేర్లు. ‘సుబ్బారావు’ ఎక్కడైనా ‘సుబబారావు’ అయి ఉంటే అచ్చు కాకముందే ఫోన్ చేసి ఆపించండి.