సృష్టికి ముందున్న యూనికార్న్ ఎవరి సొత్తు?

సందేహం: నా మొదటి ఫాంటసీ నవలను 2019లో ఒక ప్రచురణ సంస్థ వేసింది. ఇప్పుడు దానికి ప్రీక్వెల్ పూర్తిచేశాను. ఆ నవలలోని లోకం అసలెలా పుట్టిందన్నది ఇందులో కథ. చీకటీ నీళ్లూ తప్ప మరేమీ లేని కాలంలో ఒక యూనికార్న్, అంటే ఒంటికొమ్ము గుర్రం, ఉంటుంది. దాని కొమ్ము నీటిని తాకిన చోట తొలి వెలుగు పుడుతుంది. చివరికి అది తనను తాను బలి ఇచ్చుకుంటే దాని దేహం నుంచి కొండలు, నదులు, మనుషులు వస్తారు. ఋగ్వేదం, బైబిల్, బాబిలోనియా, ఉత్తర ఐరోపా సృష్టి గాథల ఛాయలు ఇందులో ఉన్నాయి. మతాల మనోభావాలు దెబ్బతిన్నాయంటూ ఎవరైనా కేసు పెడతారేమోనని ఇంట్లోవారి భయం. యూనికార్న్‌లతో సృష్టి కథ ఇంగ్లీషులో ఇదివరకే వచ్చిందని, కాపీరైట్ చిక్కు తప్పదని ఒక మిత్రుడి మాట. పాత ప్రచురణకర్తేమో ప్రీక్వెల్ తనకే ఇవ్వాలని, బయట వేస్తే కోర్టుకు వెళతానని అంటున్నారు. ఒప్పందంలో ‘ఈ నవలకు సంబంధించిన ఇతర రచనలపై ప్రథమ అవకాశం ప్రచురణకర్తదే’ అని ఒక వాక్యం ఉంది. గడువు ఎక్కడా రాయలేదు. నేనేం చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో దేవుళ్ల గురించి ముందు రాశారు, ఒప్పందం గురించి చివర్లో రాశారు. నేను వరుస తిరగేస్తాను. ఈ వ్యవహారంలో మీకు నిజంగా ఇబ్బంది తేగలిగినవి వేదాలూ కాదు, యూనికార్నూ కాదు. మీరు సంతకం చేసిన ఆ నాలుగు కాగితాలే. విచిత్రం ఏమిటంటే, అవే కాగితాలు మీ ప్రచురణకర్తకు అంతకన్నా ఎక్కువ ఇబ్బంది తేగలవు.

1957 నాటి కాపీరైట్ చట్టంలోని 19వ సెక్షన్ ముందు చూద్దాం. రచయిత తన హక్కులను బదలాయించాలంటే అది రాతపూర్వకంగా ఉండాలి, రచయిత సంతకం ఉండాలి. ఏ రచన, ఏ ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతం అన్నవి అందులో స్పష్టంగా ఉండాలి. కాలం రాయకపోతే? ఆ ఖాళీని చట్టమే పూరిస్తుంది. బదలాయించిన తేదీ నుంచి అయిదేళ్లు మాత్రమే అని భావించాలంటుంది 19(5). ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని 19(6) చెబుతుంది. మీది పూర్తి బదలాయింపు కాదు, లైసెన్సు (వాడుకునే అనుమతి) మాత్రమే అని ప్రచురణకర్త వాదించినా పెద్దగా తేడా రాదు. 30ఏ సెక్షన్ ఈ నియమాలనే అవసరమైన మార్పులతో లైసెన్సులకూ వర్తింపజేస్తుంది.

మీ ఒప్పందం 2019 నాటిది. గడువు ఎక్కడా రాయలేదన్నది నిజమైతే 2024లోనే ఆ అయిదేళ్లు నిండాయి. అంటే కొత్త నవల మీద ఆయనకు హక్కు ఉందా లేదా అన్న ప్రశ్న తర్వాత సంగతి. పాత నవలను ఇప్పుడు కొత్తగా అచ్చు వేసుకునే హక్కే ఆయనకు మిగిలి ఉండకపోవచ్చు. బెదిరించడానికి ముందు ఆయన తన న్యాయవాదిని కలిసి ఉండరని నా అనుమానం.

అయితే ‘గడువు రాయలేదు’ అని మీరు అంటున్నది ఒక్క నిబంధనను చూసి కాకూడదు. ఒప్పందాన్ని మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా మళ్లీ చదవండి. ‘కాపీరైట్ అమల్లో ఉన్నంతకాలం’, ‘శాశ్వతంగా’, ‘పుస్తకం అచ్చులో ఉన్నంతవరకు’ వంటి మాటలు పీఠికలోనో, రాయల్టీ నిబంధనలోనో, అనుబంధంలోనో నక్కి ఉంటాయి. అలాంటి మాట ఒక్కటి ఉన్నా అయిదేళ్ల లెక్క చెల్లదు. తర్వాత ఈ-మెయిల్ ద్వారా గానీ, చిన్న కాగితం మీద గానీ గడువు పొడిగించారా అన్నది కూడా గుర్తు చేసుకోండి.

ఇక ‘ప్రథమ అవకాశం’. ఈ మాటను ప్రచురణకర్తలు యాజమాన్యంలాగా వాడుతుంటారు. కానే కాదు. మామూలుగా దీని అర్థం ఇంతే: రాతప్రతిని ముందు ఆయనకు చూపించాలి, ఆయన వద్దన్నా, సహేతుకమైన గడువులో తేల్చకపోయినా, మీరు మరో చోటికి వెళ్లవచ్చు. ప్రీక్వెల్ కాపీరైట్ దానంతట అదే ఆయనకు చేరిపోదు. మీరు రాసిన రచనకు తొలి యజమాని మీరే అని 17వ సెక్షన్ అంటుంది. దాని మీద హక్కు ఆయనకు వెళ్లాలంటే దాని పేరుతో, దాని వివరాలతో మరో బదలాయింపు పత్రం కావాలి.

ఆయన తరఫు న్యాయవాది మరో దారి తొక్కవచ్చు. ‘మూల నవలను మార్చి రాసే హక్కు, అంటే అనుసరణ హక్కు, మాకు ఇచ్చారు, ప్రీక్వెల్ కూడా అనుసరణే’ అంటారు. చట్టంలో అనుసరణకు ఇచ్చిన నిర్వచనంలో నవలను నాటకం చేయడం, సంక్షిప్తం చేయడం, బొమ్మల కథగా మార్చడం, రచనను మార్చి కూర్చడం వంటివి ఉన్నాయి. ప్రీక్వెల్ అన్న ప్రస్తావన లేదు. పాత నవల సంఘటనలకు యుగాల ముందు జరిగే కొత్త కథ ఆ నిర్వచనంలోకి వస్తుందని తేలిగ్గా ఒప్పుకోలేం. ఒకవేళ ఆ హక్కు ఇచ్చారనే అనుకున్నా, తీసుకున్న హక్కును ఏడాది లోపు వాడుకోకపోతే అది రద్దయినట్టే భావించాలని 19(4) చెబుతుంది, ఒప్పందం వేరేగా చెప్పకపోతే.

గడువు ముగిసిన తర్వాత కూడా ఆ ‘ప్రథమ అవకాశం’ బతికే ఉందని ఆయన పట్టుబడితే, 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 27వ సెక్షన్ అడ్డొస్తుంది. వృత్తి వ్యాపారాలను అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదంటుందది. క్రికెటర్ జహీర్ ఖాన్ మీద ఒక సంస్థ వేసిన కేసులో సరిగ్గా ఇలాంటి నిబంధనే సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఒప్పందం ముగిశాక కూడా కొత్త అవకాశాలను ముందు తమకే చూపించాలన్న షరతును అమలు చేయడానికి 2006లో కోర్టు నిరాకరించింది. అది మధ్యంతర దశలో వచ్చిన తీర్పు, క్రీడారంగానికి సంబంధించినది. అయినా మీకు గట్టి ఆసరా. ఒప్పందం ఇంకా అమల్లో ఉందని తేలితే మాత్రం కథ వేరు. ఒప్పంద కాలంలో ఉండే ఇలాంటి షరతులను కోర్టులు మామూలుగా సమర్థిస్తాయి. అప్పుడు రాతప్రతిని ఆయనకు చూపించి, రాతపూర్వకంగా సమాధానం తీసుకోవడమే మంచిది.

కాబట్టి ఇప్పుడు ఫోనులో వాదించకండి. చేరినట్టు రుజువు ఉండేలా స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం పంపండి. ఏ నిబంధన ఆధారంగా, ఏ గడువు ఆధారంగా ప్రీక్వెల్ మీద హక్కు కోరుతున్నారో పదిహేను రోజుల్లో తెలపమని అడగండి. కోపం వద్దు, ‘మీ హక్కు పోయింది’ అన్న ప్రకటన కూడా మొదటి ఉత్తరంలోనే వద్దు. ఆయన ఏం రాస్తారో చూద్దాం. ఆయన సమాధానం ఇవ్వకుండా, కేసూ వేయకుండా, మీ కొత్త ప్రచురణకర్తకు బెదిరింపు నోటీసులు పంపితే కాపీరైట్ చట్టం 60వ సెక్షన్ కింద మీరే కోర్టుకు వెళ్లవచ్చు. ఆధారం లేని బెదిరింపులను ఆపమని ఉత్తర్వు కోరవచ్చు, నష్టపరిహారమూ అడగవచ్చు.

పాత నవల ముఖచిత్రం మీది యూనికార్న్ బొమ్మను మాత్రం కొత్త పుస్తకానికి వాడకండి. డబ్బిచ్చి వేయించిన చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, వేయించినవారే యజమాని అవుతారు. అది ఆ సంస్థ. కొత్త బొమ్మ వేయించుకోండి.

ఇప్పుడు మీ మిత్రుడి భయం. యూనికార్న్ ఎవరి సొత్తూ కాదు. సింధు నాగరికత ముద్రల మీద అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే జంతువు ఒంటికొమ్ముదే. క్రీస్తుపూర్వం 400 ప్రాంతంలో గ్రీకు వైద్యుడు టెసియాస్ భారతదేశంలో ఒంటికొమ్ము అడవి గాడిదలు ఉన్నాయని, ఆ కొమ్ముతో చేసిన పాత్రలో తాగితే విషం పనిచేయదని రాశాడు. తెల్లని ఒళ్లు, విషాన్ని శుద్ధి చేసే కొమ్ము, కన్యకు మాత్రమే లొంగడం అన్నవి మధ్యయుగాల నుంచి అందరూ వాడుకుంటున్న సామగ్రి. మన దగ్గరా కొరత లేదు. ప్రళయంలో మనువు తన నావను కట్టింది చేప కొమ్ముకే కదా.

చట్టం కాపాడేది ఆలోచనను కాదు, ఆ ఆలోచన తొడుక్కున్న రూపాన్ని. నాటక రచయిత ఆర్.జి. ఆనంద్ కేసులో 1978లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: భావం, ఇతివృత్తం, కథావస్తువు, చారిత్రక లేదా పౌరాణిక విషయాల మీద కాపీరైట్ ఉండదు, ఒకే ఇతివృత్తాన్ని ఇద్దరు వేర్వేరుగా మలిస్తే ఉల్లంఘన కాదు. రెండు రచనలూ చదివిన పాఠకుడికి రెండోది మొదటిదాని నకలే అన్న అభిప్రాయం నిస్సందేహంగా కలుగుతుందా అన్నదే పరీక్ష. ‘సృష్టిని యూనికార్న్ మొదలుపెట్టింది’ అన్నది ఆలోచన. ఆ ఇంగ్లీషు కథలోని పాత్రల పేర్లు, ఆ లోకపు మాయలకు ఉన్న ప్రత్యేక నియమాలు, సంఘటనల వరుస, సంభాషణలు రూపం. ఆ కథను మీరు చదివి ఉంటే, ఈ నాలుగింటిలో ఏదైనా మీ రాతలోకి జారిందేమో నిజాయితీగా చూసుకోండి. చదవకపోతే ఇప్పుడు చదవకండి. కనీసం పుస్తకం అచ్చుకు వెళ్లేదాకా.

మిత్రుడు అడగని ఒక ప్రశ్న నేను అడుగుతాను. ఆ సృష్టి గాథలను మీరు ఎక్కడ చదివారు? ఋగ్వేదానికి కాపీరైట్ లేదు, బాబిలోనియా మట్టి పలకలకూ లేదు. కానీ వాటికి ఈ కాలపు అనువాదకుడు రాసిన వాక్యాలకు ఉంటుంది. రచయిత చనిపోయిన మరుసటి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్లు అది నడుస్తుంది. 1970లో మరణించిన అనువాదకుడి వాక్యాలు 2030 చివరిదాకా ఆయన వారసులవే. కాబట్టి ప్రతి అధ్యాయం పైన ఒక సూక్తాన్ని ఉటంకించాలని ముచ్చటపడితే మూలం నుంచి మీరే అనువదించండి, లేదా అనుమతి తీసుకోండి. ఇలాంటి కేసులు యూనికార్న్ దగ్గర కాదు, ఇక్కడ వస్తాయి.

మనోభావాల సంగతి. పాత శిక్షాస్మృతిలోని 295ఏ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. శిక్ష మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. భయపడే ముందు ఆ సెక్షన్‌లోని రెండు షరతులు చదవండి: ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో మతాన్ని అవమానించి ఉండాలి. రెండూ కలిసి ఉండాలి. 1957లో రామ్‌జీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ చెల్లుతుందంటూనే, దురుద్దేశంతో చేసే తీవ్రమైన అవమానానికే ఇది పరిమితమని చెప్పింది. 2017లో మహేంద్రసింగ్ ధోనీ మీద అనంతపురంలో దాఖలైన ఫిర్యాదును కొట్టివేస్తూ, తెలియకో అజాగ్రత్తతోనో జరిగిన అవమానం ఈ సెక్షన్ కిందికి రాదని మళ్లీ గుర్తుచేసింది.

మీ కథలో అవమానం ఎక్కడుంది? బలి అయిన దేహం నుంచి లోకం పుట్టడం పురుషసూక్తంలో ఉంది, ఉత్తర ఐరోపా వారి యిమిర్ అనే ఆదిమ రాక్షసుడి గాథలోనూ ఉంది. బృహదారణ్యకోపనిషత్తు మొదలయ్యేదే యజ్ఞాశ్వంతో: ఉషస్సు దాని శిరస్సు, సూర్యుడు కన్ను, వాయువు ప్రాణం. ఆ గుర్రానికి ఒక కొమ్ము జోడించినంత మాత్రాన నేరమైపోదు. ఇక ఋగ్వేదంలోని నాసదీయసూక్తం, ఈ సృష్టి ఎలా వచ్చిందో పైనుంచి చూసేవాడికి తెలుసేమో, లేక అతనికీ తెలియదేమో అని ముగుస్తుంది. అంత ధైర్యంగా ప్రశ్నించిన సంప్రదాయం ముందు మీ కల్పన చాలా వినయంగానే ఉంది.

దురుద్దేశాన్ని కోర్టు మీ మనసులోకి తొంగి చూసి తేల్చదు, చుట్టూ ఉన్న మాటల నుంచి తేలుస్తుంది. ముందుమాటలో, పుస్తకం అమ్ముకోవడానికి పెట్టే పోస్టుల్లో ‘వేదాలు, బైబిల్ చెప్పిందంతా అబద్ధం, అసలు నిజం ఇదీ’ లాంటి ప్రగల్భాలు పలకకండి. నవల లోపలి పాత్ర ఆ మాట అంటే అది కథ. రచయిత అంటే అది సాక్ష్యం. ‘ఇది కేవలం కల్పితం’ అన్న వాక్యం వేసుకోండి, తప్పు లేదు, కానీ దాన్నే కవచం అనుకోకండి. పూజలు అందుకుంటున్న దేవతల పేర్లను మీ పాత్రలకు యథాతథంగా పెట్టకపోవడం చట్టం అడిగేది కాదు, నేను అడిగేది. మీకు పోయేదేమీ లేదు, తలనొప్పి తగ్గుతుంది.

ఎవరైనా ఫిర్యాదు చేసినా, 299 కింద కోర్టు విచారణకు స్వీకరించాలంటే కేంద్ర ప్రభుత్వమో రాష్ట్ర ప్రభుత్వమో ముందుగా అనుమతి ఇవ్వాలని నేర విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 217వ సెక్షన్ అంటోంది. పోలీసులు పిలిచారని కంగారుపడి క్షమాపణ పత్రం రాసివ్వకండి. అందులోని మాటలే తర్వాత మీకు ఎదురు తిరగవచ్చు. నోటీసు నకలు, పుస్తకం ఒక ప్రతి, మీ ముసాయిదాల తేదీలు తీసుకుని ముందు న్యాయవాదిని కలవండి. ప్రభుత్వం పుస్తకాన్ని జప్తు చేస్తూ గెజెట్‌లో ప్రకటించడం అరుదు. అలా చేసినా, ఆ ప్రకటన తేదీ నుంచి రెండు నెలల్లోగా అదే సురక్షా సంహిత 99వ సెక్షన్ కింద హైకోర్టులో సవాలు చేయవచ్చు.