ఊలు వద్దు, బనియన్ బట్టే మేలు

కేన్సర్ చికిత్స తీసుకుంటున్న పిల్లలకి టోపీలు కుట్టి ఇవ్వడం గురించి ఈసారి చాలా ఉత్తరాలొచ్చాయి. ఎక్కువ కాలేజీ పిల్లలవే. ఒక తల్లి రాసిన ఉత్తరం కూడా ఉంది. టోపీలు కుట్టాలనుకుంటున్న వాళ్ళు ముందు దాన్ని చదవండి.

ప్రశ్న: అక్కా, మేం గుంటూరులో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాం. ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం)లో ఉన్న పదిమందిమి కలిసి, కీమో తీసుకునే పిల్లలకి రంగురంగుల టోపీలు కుడదామనుకుంటున్నాం. ఇద్దరికి మిషన్ కుట్టడం వచ్చు. బట్ట ఎలాంటిది కొనాలి, ఎన్ని కుట్టాలి, ఎవరికి ఇవ్వాలి?

జవాబు: బట్ట తర్వాత కొందురుగాని, ముందు ఆసుపత్రికి ఫోన్ చెయ్యండి. మీ ఊరి ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లోనే నాట్కో కేన్సర్ సెంటర్ ఉంది. పిల్లల్ని అక్కడ చూస్తున్నారా, చూస్తే ఏ వయసు వాళ్ళు ఎంతమంది ఉంటారు, బయట కుట్టినవి తీసుకుంటారా, ఎవరి చేతికివ్వాలి, ఇవన్నీ అడగండి. అక్కడ కుదరకపోతే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే కేన్సర్ ఆసుపత్రి ఉంది, బంజారాహిల్స్‌లో బసవతారకం కేన్సర్ ఆసుపత్రి ఉంది, విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది. ఊళ్ళ నుంచి వచ్చిన కుటుంబాలు నెలల తరబడి ఉండటానికి సెయింట్ జూడ్ ఇండియా వాళ్ళు నడిపే వసతి కేంద్రాలు కూడా హైదరాబాద్‌లో ఉన్నాయి. పెద్ద డాక్టరు గారి అపాయింట్‌మెంట్ కోసం తిరగొద్దు. మీక్కావలసింది వార్డు సిస్టర్, లేదా మెడికల్ సోషల్ వర్కర్. ఏ పిల్లాడు ఎలాంటి టోపీ పెట్టుకుంటాడో, ఏది మంచం కింద పడేస్తాడో వాళ్ళకే బాగా తెలుసు.

ఇక బట్ట. కీమో మొదలుపెట్టిన రెండు మూడు వారాలకి జుట్టు రాలడం మొదలవుతుంది, ఆ రోజుల్లో మాడు చురుక్కుమంటూ ఉంటుంది, దిండు రాసుకున్నా కొంతమంది పిల్లలు ఏడుస్తారు. అలాంటి తల మీద ఊలు, పాలిస్టర్, జరీ, తళుకులు, ఏవీ పనికిరావు. మన టైలర్లు బనియన్ బట్ట అంటారే, సాగే కాటన్, అదొక్కటే కొనండి. విజయవాడ వస్త్రలతలో వెతకండి, సికింద్రాబాద్ వైపు ఎవరైనా వస్తుంటే జనరల్ బజార్‌లో చూడమనండి. గజాన్నర పన్నా ఉంటే మీటరుకి ఎనిమిది తొమ్మిది టోపీలు వస్తాయి. పాత టీషర్టులు కత్తిరించి కుట్టే ఆలోచన మంచిదే గానీ ఈ పనికి కాదు, కొత్త బట్టే తెచ్చి, కత్తిరించే ముందే ఒకసారి ఉతికి ఆరెయ్యండి, లేకపోతే మొదటి ఉతుకులోనే టోపీ కుంచించుకుపోతుంది.

కొలతలు: ఏడాది పిల్లల తల చుట్టుకొలత 46 సెంటీమీటర్లు, మూడేళ్ళకి 49, అయిదారేళ్ళకి 51, పదేళ్ళు దాటితే 53, టీనేజ్‌లో 55, కాస్త అటూ ఇటూగా. జుట్టు లేని తల ఇంకొంచెం చిన్నదవుతుంది, బట్ట ఎలాగూ సాగుతుంది కాబట్టి రెండు మూడు సెంటీమీటర్లు తగ్గించే కత్తిరించండి. సాగే వైపు తల చుట్టూ రావాలి, నిలువుగా కాదు. మామూలు సూది బనియన్ బట్టని చిల్లులు పెడుతుంది, బాల్‌పాయింట్ సూది అడిగి తెచ్చుకోండి, కుట్టు జిగ్‌జాగ్ వెయ్యండి, ఎందుకంటే మామూలు తిన్నటి కుట్టు వేస్తే పిల్లాడు టోపీ లాగినప్పుడు పటుక్కుమని తెగుతుంది. లోపల కుట్టు గట్టిగా ఉబ్బి ఉండకూడదు. ఎలాస్టిక్ వద్దు, నుదుటి మీద గీత పడుతుంది. అంచు అయిదు సెంటీమీటర్లు మడత పెడితే చాలు, అదే పట్టి ఉంచుతుంది. బొత్తాలు, పూసలు, ఊడొచ్చే ఊలు బంతులు అస్సలు వద్దు, చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటారు.

కీమోలో తెల్లకణాలు పడిపోతాయి, అలాంటప్పుడు మనకి రెండు రోజుల జలుబు వాళ్ళకి ఐసీయూ దాకా వెళ్ళొచ్చు. కాబట్టి జలుబు, దగ్గు ఉన్నవాళ్ళు ఆ వారం కుట్టొద్దు. కుట్టినవి వేడినీళ్ళలో ఉతికి, ఇస్త్రీ చేసి, ఒక్కొక్కటి విడి కవర్లో పెట్టి, మీద వయసు రాసి ఇవ్వండి. సెంటు కొట్టకండి, కీమోలో వాసనలకే వాంతి వస్తుంది. ఎన్ని అంటారా? మొదట ఇరవై. సిస్టర్ ఏమంటారో విని మిగతావి.

ప్రశ్న: అక్కా, నాది కరీంనగర్, తొమ్మిదో తరగతి. మా అమ్మ టైలర్. నాకు కూడా మిషన్ వచ్చు. మా స్కూల్లో అమ్మాయిలు టోపీలు కుడుతున్నారు, నేనూ వస్తానంటే ఫ్రెండ్స్ నవ్వుతున్నారు.

జవాబు: నాన్నా, మీ ఊళ్ళో టైలర్ షాపుల్లో కూర్చున్న మగవాళ్ళని లెక్కపెట్టి రమ్మను ఆ ఫ్రెండ్స్‌ని. నువ్వు వెళ్ళి తీరాలి, ఎందుకంటే టోపీలన్నీ కుందేలు చెవులు, పువ్వులు పెట్టి అయిదేళ్ళ పిల్లలకే కుడుతుంటారు అందరూ, వార్డులో పదమూడు పధ్నాలుగేళ్ళ కుర్రాళ్ళుంటారని ఎవరికీ గుర్తుండదు. వాడు కుందేలు చెవులు పెట్టుకుంటాడా? నల్లదో నీలందో ప్లెయిన్ టోపీ, లేదంటే సన్‌రైజర్స్ నారింజ రంగు. నీ వయసు వాడికేం కావాలో నీకంటే ఎవరికి తెలుసు?

ప్రశ్న: మా పాపకి ఎనిమిదేళ్ళు, లుకేమియాకి, అంటే బ్లడ్ కేన్సర్‌కి, వైద్యం జరుగుతోంది. మొన్న కొంతమంది విద్యార్థులు వార్డుకొచ్చి టోపీలు పంచారు. పాప తలకి తొడిగి, చుట్టూ నిలబడి ఫొటోలు తీసి స్టేటస్ పెట్టారు. మా వాళ్ళకి మేమింకా జబ్బు పేరు చెప్పలేదు, ఆ ఫొటో చూసి ఫోన్లు మొదలయ్యాయి. పాప టోపీ విసిరేసింది, మళ్ళీ ముట్టుకోలేదు. మంచి చెయ్యడానికి వచ్చిన పిల్లల్ని తప్పుపట్టడం నాకు తగునా? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: తగునమ్మా. మీరు మొహమాటపడక్కర్లేదు. అడక్కుండా ఫొటో తీయడం తప్పు, పాపని అడక్కుండా తలకి తొడగడం అంతకంటే తప్పు. ఆ కాలేజీ ఏదో సిస్టర్‌ని అడిగి, ఫొటోలు తీసెయ్యమని ఫోన్ చెయ్యండి. మీ చేత కాకపోతే సోషల్ వర్కర్ చేత చేయించండి. చాలామంది పిల్లలు చెప్తే వింటారు, వాళ్ళకెవరూ ముందు చెప్పలేదు, అంతే.

పాప టోపీ పెట్టుకోనంటే వదిలెయ్యండి. మన దగ్గర ఇంకో సంగతి ఉంది. గుండుతో ఉన్న పిల్లని బస్సులో చూస్తే ఎవరైనా "తిరుపతి వెళ్ళొచ్చారా?" అని అడుగుతారు, అవునంటే అక్కడితో అయిపోతుంది. అదే నడివేసవిలో నెత్తిన టోపీ ఉంటే పదిమంది తిరిగి చూస్తారు. విదేశాల్లో ఈ టోపీ పిల్లల్ని చూపుల నుంచి దాస్తుందేమో, మన ఊళ్ళలో కొన్నిసార్లు గుండే ఎక్కువ దాస్తుంది. అయితే ఎనిమిదేళ్ళ ఆడపిల్లకి జడ పోవడం చిన్న విషయం కాదు, దానికి తిరుపతి జవాబు సరిపోదు. అద్దం ముందు తను ఏం కావాలంటే అది: మీ పాత చున్నీ మెత్తగా ఉంటే తలకి చుట్టుకోనివ్వండి, ఏసీ వార్డులో రాత్రి చలేస్తే మాత్రం టోపీ అడగొచ్చు, దిండు పక్కన ఒకటి ఉంచండి, పెట్టుకోమని మాత్రం అనకండి. పిల్లల్లో లుకేమియా వైద్యం చాలావరకు రెండు మూడేళ్ళు సాగుతుంది గానీ జుట్టు అన్నాళ్ళూ ఆగదు, గట్టి మందులు అయిపోయిన ఒకటి నుంచి మూడు నెలల్లో మళ్ళీ మొలుస్తుంది. ఈ మాట డాక్టరు గారి చేత పాపకే నేరుగా చెప్పించండి.

కుట్టే పిల్లలూ, మీరూ విన్నారుగా. టోపీలు ఒక బుట్టలో పెట్టి సిస్టర్‌కిచ్చి వచ్చెయ్యండి. బుట్టలోంచి నచ్చింది తీసుకునేది వార్డులో పిల్లలే. సూదులూ, మందులూ, తిండీ, అన్నీ పెద్దవాళ్ళు చెప్పినట్టే జరిగే చోట ఆ పిల్లలు తమంతట తాము ఎంచుకోగలిగేవి చాలా తక్కువ.

ప్రశ్న: అమ్మాయ్, నాకు డెబ్భై ఒకటి. రాజమండ్రి. ఊలు అల్లిక బాగా వచ్చు. అమెరికాలో ఊలు టోపీలు ఇస్తారట గదా, నేనూ అల్లి పంపనా?

జవాబు: అక్కడి చలి వేరు బామ్మగారూ. 2012లో మిన్నెసోటాలో ఇద్దరు కాలేజీ విద్యార్థులు లవ్ యువర్ మెలన్ అనే టోపీల కంపెనీ మొదలుపెట్టారు, అప్పట్లో ఒక టోపీ అమ్ముడైతే ఇంకొకటి కేన్సర్ పిల్లలకి ఇచ్చేవాళ్ళు. మిన్నెసోటాలో చలికాలమంటే మంచు గడ్డకట్టే చలి. రాజమండ్రి మే నెలలో ఊలు పెడితే పిల్లలు మీ మీద అలుగుతారు. మీ చేతి పని మాత్రం వృథా పోనివ్వకండి: ఊలు బదులు మెత్తటి నూలు దారంతో వదులుగా అల్లండి, లోపల బనియన్ బట్ట అస్తరు వేయించండి. కుట్టడానికి పక్కింటి కాలేజీ పిల్లని పట్టుకోండి.

ప్రశ్న: టోపీలు కుట్టిన గంటలు ఎన్‌ఎస్‌ఎస్‌లో లెక్కకొస్తాయా?

జవాబు: ఏడాదికి 120 గంటలు చెయ్యాలి కదా, అందులో కలపాలా వద్దా అన్నది మీ ప్రోగ్రామ్ ఆఫీసర్ చేతిలో ఉంటుంది. మొదలుపెట్టకముందే అడిగి, ఒప్పుకుంటే రిజిస్టర్లో రాయించుకోండి. బట్ట ఉతికిన గంటలూ, కత్తిరించినవీ, కుట్టి విప్పి మళ్ళీ కుట్టినవీ అన్నీ రాసుకోండి. రీల్ ఎడిట్ చేసిన గంటలు మాత్రం రాయకండి.