టెక్ సందేహాలు: ఫోన్‌లోనే ఏఐ మోడల్ నడపాలంటే ముందు ర్యామ్ లెక్క చూసుకోండి

విశాఖలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ నెలకొల్పుతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించిన తర్వాత, ఈ శీర్షికకు డేటా సెంటర్ల మీదే ప్రశ్నలు వస్తాయని అనుకున్నాను. పాఠకుల ఆలోచన మాత్రం వేరుగా ఉంది. గిగావాట్ల కరెంటుతో నడిచే భవనాల సంగతి అలా ఉంచి, జేబులోని ఫోన్‌లోనే, ఇంటర్నెట్ అవసరం లేకుండా, లాంగ్వేజ్ మోడల్‌ను (మనం అడిగినదానికి రాతలో జవాబిచ్చే ఏఐ ప్రోగ్రాంను) నడుపుకోవచ్చా అని అడుగుతున్నారు. నడుపుకోవచ్చు. అయితే ఏ ఫోన్‌లో ఏ మోడల్ అన్నదే అసలు ప్రశ్న.

ప్రశ్న: మద్దిలపాలెంలో ఉంటూ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. నా ఆండ్రాయిడ్ ఫోన్‌లో 6 జీబీ ర్యామ్ ఉంది. సెట్టింగ్స్‌లో మరో 6 జీబీ వర్చువల్ ర్యామ్ కూడా ఆన్ చేశాను. 7బి మోడల్ లోడ్ చేస్తే ఒక్కోసారి యాప్ మూతపడుతోంది, ఒక్కోసారి మాటకూ మాటకూ మధ్య అయిదారు సెకన్లు పడుతోంది. ప్రాసెసర్ చాలకనేనా?

జవాబు: ప్రాసెసర్‌ది తప్పు కాదు, ర్యామ్ చాలడం లేదు. 7బి అంటే 700 కోట్ల పారామీటర్లు, అంటే మోడల్ తాను నేర్చుకున్నదంతా దాచుకునే సంఖ్యలు. ఒక్కో పారామీటర్‌ను 16 బిట్లలో దాస్తే మోడల్ ఒక్కటే 14 జీబీ అవుతుంది. ఆ సంఖ్యల కచ్చితత్వాన్ని కొంత వదులుకుని సుమారు 4 బిట్లకు కుదించే పద్ధతినే క్వాంటైజేషన్ అంటారు. మీరు దించుకున్న జీజీయూఎఫ్ ఫైలు (ఇలాంటి యాప్‌లు చదివే మోడల్ ఫైలు రకం) అలా కుదించినదే అయినా, 7బి మోడల్ విషయంలో అది 4 జీబీకి పైనే ఉంటుంది. మీ ఫోన్‌లోని 6 జీబీలో ఆండ్రాయిడ్, దాని వెనుక నడిచే సేవలు, మీరు మూయకుండా వదిలేసిన యాప్‌లు పోగా మిగిలేది 3 జీబీ ఉంటే గొప్ప.

ఇక వర్చువల్ ర్యామ్ అన్నది పేరుకే ర్యామ్; అది స్టోరేజీలో పక్కకు తీసిపెట్టిన కొంత జాగా. మామూలు యాప్‌లకు అది కొంత ఉపయోగపడవచ్చు గానీ లాంగ్వేజ్ మోడల్ పనితీరు వేరు. ఒక్క టోకెన్, అంటే మాటలో ఒక ముక్క, రాయడానికి కూడా మోడల్ తన పారామీటర్లన్నిటినీ మొదటి నుంచి చివరి దాకా ఒకసారి చదవాలి. తర్వాతి టోకెన్‌కు మళ్లీ అంతా చదవాలి. మధ్యతరగతి ఫోన్లలో ఎక్కువగా కనిపించే ఎల్‌పీడీడీఆర్4ఎక్స్ ర్యామ్, 32 బిట్ల దారి ఉన్నప్పుడు, సెకనుకు సుమారు 17 జీబీ అందించగలదు. అదే తరగతి ఫోన్ల స్టోరేజీ సెకనుకు సుమారు 1 జీబీ దగ్గరే ఆగిపోతుంది. నాలుగు జీబీల ఫైలును ప్రతి టోకెన్‌కూ స్టోరేజీ నుంచి లాగుతూ ఉంటే మాటకూ మాటకూ మధ్య అన్ని సెకన్లు పట్టడంలో వింత లేదు.

కాబట్టి మీరు చూడవలసినవి 1బి నుంచి 3బి దాకా ఉన్న మోడళ్లు. మెటా 2024 సెప్టెంబరులో విడుదల చేసిన లామా 3.2లోని 3బి మోడల్, 4 బిట్ల రూపంలో సుమారు 2 జీబీ ఉంటుంది. పై లెక్క ప్రకారం 17ను 2తో భాగిస్తే సెకనుకు 8 టోకెన్లు వస్తాయి; అది కాగితం మీది గరిష్ఠం, ఫోన్‌లో వచ్చేది అంతకంటే తక్కువే. దీనికి తోడు సంభాషణ పొడవు పెరిగేకొద్దీ మోడల్ గుర్తుంచుకోవలసిన కేవీ క్యాష్ కూడా ర్యామ్‌నే తింటుంది. ఇదే మోడల్‌కు 4,096 టోకెన్ల కాంటెక్స్ట్ (ఒకేసారి గుర్తుంచుకోగల సంభాషణ పొడవు) ఇస్తే అదనంగా సుమారు 450 ఎంబీ కావాలి. యాప్ సెట్టింగ్స్‌లో కాంటెక్స్ట్‌ను 2,048కి తగ్గించండి, వర్చువల్ ర్యామ్‌ను ఆపేయండి. కొత్త ఫోన్ కొనేటప్పుడు కూడా, డాబాగార్డెన్స్‌లో దుకాణదారు ఎన్‌పీయూ (ఏఐ లెక్కల కోసం చిప్‌లో ఉండే ప్రత్యేక భాగం) గురించి ఎంత చెప్పినా, ముందు అసలు ర్యామ్ ఎంత, అది ఏ రకం అని అడగండి.

ప్రశ్న: రెడీమేడ్ యాప్ వద్దు, టెర్మక్స్‌లో లామా.సీపీపీని నేనే కంపైల్ చేసుకోవాలని ఉంది. రెండుసార్లు మధ్యలోనే ఆగిపోయింది. ఎక్కడ పొరపాటు?

జవాబు: లామా.సీపీపీ అనేది 2023 మార్చిలో జార్జి గెర్గనోవ్ మొదలుపెట్టిన, లాంగ్వేజ్ మోడళ్లను నడిపే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం. సీ, సీ++ భాషల్లో రాసినది కాబట్టి ఫోన్‌లో కూడా తేలిగ్గానే కంపైల్ అవుతుంది, అంటే సోర్స్ కోడ్ నుంచి నడిచే ప్రోగ్రాంగా మారుతుంది. ఫోన్‌లో లినక్స్ కమాండ్లు నడిపే యాప్ అయిన టెర్మక్స్‌ను ఎఫ్-డ్రాయిడ్ అనే ఓపెన్ సోర్స్ యాప్ స్టోర్ నుంచో దాని గిట్‌హబ్ పేజీ నుంచో తీసుకోండి. గిట్, సీమేక్, క్లాంగ్ ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేశాక సోర్స్‌ను టెర్మక్స్ సొంత హోమ్ డైరెక్టరీలోనే ఉంచాలి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ వంటి ఉమ్మడి స్టోరేజీలో కంపైల్ చేసిన ప్రోగ్రాంను ఆండ్రాయిడ్ నడవనివ్వదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

మధ్యలో ఆగిపోవడానికి రెండు కారణాలు ఉండవచ్చు. ఎనిమిది కోర్లు ఉన్నాయి కదా అని ఎనిమిది ఫైళ్లను ఒకేసారి కంపైల్ చేయమంటే ర్యామ్ నిండిపోతుంది; రెండుకు తగ్గించండి, కొంచెం ఆలస్యమైనా పని పూర్తవుతుంది. రెండోది, ఆండ్రాయిడ్ 12 నుంచి యాప్ వెనుక నడిపించే అనుబంధ పనులను (చైల్డ్ ప్రాసెస్‌లను) సిస్టమే చంపేస్తోంది. తెర మీద ‘సిగ్నల్ 9’ అని కనిపించిందంటే దీన్నే అనుమానించాలి. టెర్మక్స్ నోటిఫికేషన్‌లో, ఫోన్ నిద్రలోకి జారకుండా ఆపే వేక్ లాక్ ఆన్ చేసి, పని జరుగుతున్నంత సేపు దాన్ని తెర మీదే ఉంచండి. ఆండ్రాయిడ్ 14, ఆ పై వెర్షన్లలో డెవలపర్ ఆప్షన్లలోనే ఈ ఆంక్షను తీసేసే వీలుంది.

నడిపేటప్పుడు థ్రెడ్ల సంఖ్యను, అంటే పనిని ఎన్ని పాయలుగా కోర్లకు పంచుతున్నారో, కూడా గమనించండి. ఎనిమిది కోర్ల ఫోన్లలో పెద్ద కోర్లు రెండో నాలుగో మాత్రమే ఉంటాయి. ఎనిమిది థ్రెడ్లు ఇస్తే పెద్ద కోర్లు తమ పని ముగించుకుని చిన్న కోర్ల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాయి కాబట్టి వేగం పెరగకపోగా తగ్గుతుంది. రెండుతో, నాలుగుతో నడిపి చూసి ఏది మెరుగైతే అది ఉంచుకోండి. మే నెల ఉక్కపోతలో ఫ్యాన్ కింద పెట్టినా ఫోన్ వేడెక్కి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది కాబట్టి, చల్లని పూట మొదటి నిమిషంలో వచ్చిన వేగాన్నే లెక్కలోకి తీసుకోవద్దు.

ప్రశ్న: నేను సీతమ్మధారలో ఉంటున్న విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుణ్ణి. ఫోన్‌లో పెట్టుకున్న మోడల్ ఇంగ్లిషులో చకచకా రాస్తుంది, తెలుగులో నత్తనడక నడుస్తుంది, పైగా తప్పులు. ఎందుకు?

జవాబు: గురువుగారూ, ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరాన్ని తీసుకోండి. కంప్యూటర్ దృష్టిలో అది సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, దీర్ఘమైన గుడి. మొత్తం ఆరు గుర్తులు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు కావాలి కాబట్టి ఆ అక్షరానికి 18 బైట్లు. ఇంగ్లిషులో తరచు వాడే మాట సాధారణంగా ఒకే టోకెన్‌గా ఉంటుంది. తెలుగు పాఠం తగినంత చూడకుండా తయారైన టోకెనైజర్ (మాటలను టోకెన్లుగా, అంటే ముక్కలుగా, విడగొట్టే భాగం) మాత్రం మన మాటను ముక్కలు ముక్కలుగా కోస్తుంది. సెకనుకు వచ్చే టోకెన్లు అన్నే అయినప్పుడు, మాటకు ముక్కలు ఎక్కువైతే మాటలు నెమ్మదిగా వస్తాయి, కాంటెక్స్ట్ కూడా త్వరగా నిండుతుంది.

తప్పుల సంగతి వేరు. లామా 3.2కు మెటా అధికారికంగా ప్రకటించిన ఎనిమిది భాషల్లో హిందీ ఉంది, తెలుగు లేదు. గూగుల్ 2025 మార్చిలో ఇచ్చిన జెమ్మా 3 కుటుంబంలో కూడా 1బి మోడల్ ఇంగ్లిషుకే పరిమితం. 140కి పైగా భాషలన్న మాట 4బి, ఆ పై మోడళ్లకే వర్తిస్తుంది. మీ ఫోన్‌లో 8 జీబీ ర్యామ్ ఉంటే జెమ్మా 3లోని 4బి మోడల్‌ను 4 బిట్ల రూపంలో ప్రయత్నించండి. ఫైలు సుమారు 2.5 జీబీ ఉంటుంది. సర్వం సంస్థ 2024లో తెచ్చిన 2బి మోడల్ సర్వం-1 తెలుగు సహా పది భారతీయ భాషల కోసం చేసినదే గానీ, అది వాక్యాన్ని కొనసాగించే మూల మోడల్, ప్రశ్నకు జవాబు చెప్పడానికి మలచినది కాదు. ఏ చిన్న మోడల్‌నైనా ఛందస్సు అడగవద్దని మాత్రం మనవి. గణాలు తప్పడమే కాదు, లేని పద్యాన్ని ఉన్నట్టు చూపించి మీకు కోపం తెప్పిస్తుంది.

ప్రశ్న: పాడేరు దగ్గర పాఠశాలలో పనిచేస్తున్నాను. సిగ్నల్ అంతంత మాత్రం. మా పాఠాలతో ఫోన్‌లోనే మోడల్‌కు శిక్షణ ఇవ్వవచ్చా?

జవాబు: మీరు అడిగిన పనికి శిక్షణ అక్కరలేదు. పాఠంలోని పేజీని ప్రాంప్ట్‌లో అతికించి, ‘ఇందులో ఉన్నదాన్ని బట్టే చెప్పు’ అని అడగండి. చిన్న మోడళ్లు సొంత జ్ఞాపకంతో చెప్పేదానికంటే ఎదురుగా ఉన్న పాఠాన్ని చూసి చెప్పేది ఎంతో నయం. జవాబుల ధోరణి మార్చాలనుకుంటే లోరా పద్ధతిలో (మోడల్ మొత్తాన్ని కాక కొద్ది భాగాన్నే మార్చే శిక్షణ), గూగుల్ వారి ఆన్‌లైన్ సేవ కొలాబ్‌లో ఉచితంగా దొరికే 16 జీబీ టీ4 జీపీయూ మీద చిన్న మోడల్‌కు శిక్షణ ఇచ్చి, జీజీయూఎఫ్‌లోకి మార్చి ఫోన్‌లో వేసుకోవచ్చు. విశాఖ వచ్చినప్పుడు వై-ఫై ఉన్నచోట మోడల్ దించుకుంటే పాడేరులో నెట్‌తో పని ఉండదు.

ప్రశ్న: గాజువాకలో అకౌంటెంట్‌ను. క్లయింట్ల లెక్కలను ఇలాంటి యాప్‌లో పెడితే బయటికి పోవని నమ్మకం ఏమిటి?

జవాబు: ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి అడిగి చూడండి, జవాబు వస్తే లెక్క ఫోన్‌లోనే జరుగుతోందని అర్థం. నెట్ మళ్లీ వచ్చాక యాప్ ఏం పంపుతుందో దీనివల్ల తెలియదు కాబట్టి, పాకెట్‌పాల్ వంటి ఓపెన్ సోర్స్ యాప్‌ను ఎంచుకుని, ఫోన్ సెట్టింగ్స్‌లో అవకాశం ఉంటే దాని నెట్ అనుమతిని తీసేయండి. చాట్ చరిత్ర క్లౌడ్ బ్యాకప్‌లోకి వెళ్తోందా, మీరు టైప్ చేసేది కీబోర్డ్ యాప్ ఎక్కడికైనా పంపుతోందా అన్నవి కూడా చూసుకోండి. కూడికలు, జీఎస్టీ శాతాలు మాత్రం మోడల్‌తో వేయించకండి, వాటికి కాలిక్యులేటర్, ఎక్సెల్ ఉన్నాయి.