మోకాళ్ల నొప్పి మాత్రలు, తగ్గిపోతున్న రక్తం

ప్రశ్న: మా అమ్మ వయసు 61. మోకాళ్ల అరుగుదలకు కొన్నేళ్లుగా డైక్లోఫెనాక్ మాత్రను, దానికి తోడు పరగడుపున పాంటాప్రజోల్‌ను వేసుకుంటున్నారు. ఇటీవల హిమోగ్లోబిన్ 8కి పడిపోయింది. ఎండోస్కోపీ, కొలనోస్కోపీలలో ఏమీ కనిపించలేదు. మరి రక్తం ఎక్కడ పోతున్నట్లు?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

జవాబు: ఆ రెండు పరీక్షలకూ చాలావరకు అందని చిన్నపేగును అనుమానించాలి. డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు నొప్పిని తగ్గించే క్రమంలో, జీర్ణనాళం లోపలి పొరను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల తయారీని కూడా అడ్డుకుంటాయి. పైగా డైక్లోఫెనాక్ కాలేయం నుంచి పైత్యరసంతో కలిసి మళ్లీ పేగులోకే చేరుతుంది కనుక ఆ పొరకు మందు తాకిడి ఒక్కసారితో ముగియదు. పాంటాప్రజోల్ జీర్ణాశయంలో ఆమ్లాన్ని తగ్గిస్తుందే తప్ప, అంత దిగువన ఏర్పడే పుండ్లను ఆపలేదు. ‘గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాం కదా’ అన్న ధీమా మన ఇళ్లలో కాస్త ఎక్కువే.

పుండ్లు మానే క్రమంలో పేగులో తెరల్లాంటి మడతలు ఏర్పడి దారి ఇరుకు కావచ్చు. తిన్న తరువాత మెలిపెట్టే నొప్పి, వాంతులు ఉంటే గ్యాస్ట్రోఎంటరాలజిస్టుకు ముందే చెప్పండి. ఎందుకంటే చిన్నపేగును చూడటానికి మింగించే కెమెరా క్యాప్సూల్ ఆ ఇరుకులో చిక్కుకోవచ్చు.

అసలు చికిత్స డాక్టరు సలహాతో డైక్లోఫెనాక్‌ను మానడమే. దాని బదులు అదే కోవకు చెందిన ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కొనుక్కుంటే మానినట్లు కాదు. పారాసెటమాల్, పైపూత జెల్, తొడ కండరాల వ్యాయామం గురించి అడగండి. గుండె కోసం ఆస్పిరిన్ వాడుతుంటే మాత్రం దాన్ని సొంతంగా ఆపకూడదు. ఐరన్ మాత్రలతోనూ మలం నల్లబడుతుంది. కానీ మలం తారులా జిగటగా, దుర్వాసనతో ఉంటే అది రక్తస్రావం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.