కొబ్బరినీళ్లు అని రాయి తల్లీ

అమలాపురం,
ఆదివారం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కాగితాలు గురువారం అందాయి. రెండుసార్లు చదివాను. ఆయాసం జబ్బులు, మూత్రం ఇబ్బందులు, కిడ్నీలు, ఎముకలు-కీళ్లు అని నాలుగు భాగాలు చేసి, ఇంట్లో రోగిని చూసుకునేవాళ్ల కోసం పుస్తకం రాయాలన్న నీ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. ఆసుపత్రిలో మనం చూసేది నాలుగు రోజులు. డిశ్చార్జి రాసిచ్చాక ఆ మనిషిని నెలల తరబడి చూసేది భార్యో, కూతురో, కోడలో. వాళ్ల కోసం రాస్తానన్నావు కాబట్టే మొహమాటం లేకుండా చెబుతున్నాను. బాధపడకు.

నీ రాతలో విషయం తప్పు ఎక్కడా లేదు. కానీ పరీక్ష పేపరు దిద్దే మేడం కోసం రాసినట్టుంది. "పొటాషియం అధికంగా గల ఆహారమును నివారించవలెను" అన్నావు. రాజోలు అవతల ఒక ఇంట్లో, మధ్యాహ్నం వంట చేస్తున్న కోడలు ఈ వాక్యం చదివి ఏ గిన్నె పక్కన పెట్టాలి? అది నువ్వు చెప్పలేదు.

నేనూ ఒకప్పుడు ఇలాగే రాశాను. డ్యూటీలో ఉన్న రోజుల్లో డయాలసిస్ చేయించుకునేవాళ్ల కోసం ఒక పేజీ కరపత్రం తయారుచేశాను. "పళ్లు, పళ్లరసాలు డాక్టరు గారు చెప్పినంతే తీసుకోవాలి" అని అందులో ఉంది. ఆ వేసవిలో ఒక రైతును ఆటోలోంచి మోసుకొచ్చారు. కాళ్లు చచ్చుబడ్డట్టు వేలాడుతున్నాయి, నాడి బాగా నెమ్మదిగా ఉంది. రక్తంలో పొటాషియం 3.5 నుంచి 5 మధ్య ఉండాల్సింది 7 దాటింది. అంత పెరిగితే గుండె ఏ నిమిషాన్నయినా ఆగిపోవచ్చు. అప్పటికప్పుడు మందులిచ్చి, డయాలసిస్ పెట్టి బతికించారు. బయట బల్ల మీద కూర్చున్న ఆయన భార్య పక్కకు వెళ్లి, ఏం పెట్టావమ్మా అని అడిగాను. ఆవిడ కొంగుముడి విప్పి నా కరపత్రమే తీసి చూపించింది. నాలుగు మడతలు, మడతల దగ్గర చిరుగు. "ఇందులో ఉన్నట్టే చేశామండీ. బత్తాయి మానేశాం, అరటిపండు మానేశాం. ఎండలకి నీరసపడిపోతున్నాడని పొద్దున ఒక బొండం, సాయంత్రం ఒక బొండం కొట్టించామంతే" అంది.

కొబ్బరినీళ్లు ఆవిడ లెక్కలో పళ్లరసం కాదు. మన కోనసీమలో ఎవరి లెక్కలోనూ కాదు. జ్వరమొచ్చినా, విరేచనాలైనా, ఊరికే నీరసంగా ఉన్నా ముందు పెరట్లోకి వెళ్లి బొండం దింపించే ఊళ్లు మనవి. కిడ్నీలు బాగున్నవాళ్లకు అది మంచిదే. పనిచేయని కిడ్నీకి కొబ్బరినీళ్లలోని పొటాషియాన్ని బయటికి పంపే శక్తి ఉండదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ ఆ ఒక్క మాట కాగితం మీద పెట్టలేదు. ఆ రోజు తప్పు నాదే, ఆవిడది కాదు. అప్పటినుంచి ఏది రాసినా, ముందు ఆ పెరట్లో, ఆ వంటింట్లో ఏమున్నాయో ఊహించుకుని ఆ పేర్లే రాస్తున్నాను.

కాబట్టి నువ్వు కొబ్బరినీళ్లు అని రాయి. చక్రకేళి అని రాయి. కంద బచ్చలి కూర అని రాయి, కందలోనూ బచ్చలిలోనూ పొటాషియం ఎక్కువే. కూరముక్కలు ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు వంపేస్తే కొంత పోతుందని కూడా చెప్పు. బీపీకి మంచిదని షాపులో అమ్మే "లో సోడియం" ఉప్పులో కొంత సోడియం తగ్గించి దాని బదులు పొటాషియం కలుపుతారు, దాన్ని మాత్రం పెద్ద అక్షరాల్లో వేయించు. ఆవకాయ, ఉప్పుచేప ఎందుకు వద్దో చెప్పేటప్పుడు దాహం సంగతి చెప్పు. ఉప్పు తింటే దాహం, దాహమైతే నీళ్లు, తాగిన నీళ్లు ఒంట్లోనే నిలిచి రాత్రికి ఆయాసం. ఈ గొలుసు అర్థమైతే ఆవిడే ఉప్పు తగ్గిస్తుంది.

"ద్రవాల పరిమితి" అన్నచోట కూడా ఒక సీసా పెట్టు. డాక్టరు గారు రోజుకు లీటరు అన్నారనుకో, పొద్దున్నే లీటరు సీసా నింపి మంచం పక్కన పెట్టాలి. రోగి నీళ్లు అందులోంచే తాగాలి. కాఫీ తాగినా, మజ్జిగ తాగినా, అన్నంలో చారు పోసుకున్నా, అంత కొలత నీళ్లు సీసాలోంచి తీసి తులసికోటలో పోసేయాలి. సీసా ఖాళీ అయితే ఆ రోజుకి అంతే. దానికి తోడు రోజూ పొద్దున ఒకే వేళకి బరువు చూడాలి. ఒక్క రోజులో కిలో పెరిగితే అది కండ కాదు, ఒంట్లో నిలిచిపోయిన లీటరు నీళ్లు.

ఫిస్టులా చెయ్యి, అంటే డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన చెయ్యి గురించి నువ్వు రాసిన పేరా బాగుంది. ఆ చేతికి బీపీ చూడకూడదు, సూది గుచ్చకూడదు, బిగుతు గాజులు వేయకూడదు, ఆ వైపు ఒత్తిగిలి పడుకోకూడదు, అన్నీ చెప్పావు. ఒక్కటి చేర్చు. రోజూ పొద్దున లేవగానే దాని మీద వేళ్లు ఆనించి చూడాలి. గుప్పిట్లో తుమ్మెదను పట్టుకున్నట్టు జివ్వుమంటుంది. జివ్వు ఆగిపోతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. తర్వాతి డయాలసిస్ దాకా ఆగకూడదు.

నీ పుస్తకంలో ఎముకల భాగం ఒకచోట, కిడ్నీ భాగం ఒకచోట ఉన్నాయి. ఇంట్లో ఆ రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. ఊడ్పుల్లో రోజంతా వంగి పనిచేసిన ఆడమనిషికి నడుం నొప్పి, మోకాళ్ల నొప్పి. మందులషాపులో అడిగి నొప్పి బిళ్లలు వేసుకుంటుంది, లేకపోతే ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేయించుకుంటుంది. షుగరు, బీపీ ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి అలా చేస్తే కిడ్నీలు దెబ్బతింటాయి. ఈ మాట రెండు భాగాల్లోనూ రాయి. ఒకే మాట రెండుసార్లు వచ్చిందని ఎవరూ అనుకోరు. ఇంకో మాట, ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి నువ్వు రాసిన రెండు పేజీలు తీసేయి. అది శ్రీకాకుళం జిల్లా బాధ, దాని కారణాలు వేరే వెతుకుతున్నారు. ఇక్కడివాళ్లు చదివి మన నీళ్లకూ అదే అంటుకుందని టెన్షన్ పడతారు.

ఆయాసం భాగంలో రోగిని తలవైపు ఎత్తి కూర్చోబెట్టడానికి "ఫౌలర్స్ పొజిషన్" అని పేరు రాసి ఊరుకున్నావు. నువ్వు నైట్ డ్యూటీలో చూసే ఉంటావు కదా, దాన్నే రాయి. పడుకోలేక లేచి కూర్చున్న మనిషి. రెండు చేతులూ మంచం పట్టె మీద నొక్కిపెట్టి, భుజాలు పైకి లాక్కుంటూ, మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటాడు. అతన్ని పడుకోమని బలవంతపెట్టకూడదు. పాదాలు నేలకి ఆనేట్టు మంచం అంచున కూర్చోబెట్టి, ఎదురుగా స్టూలు వేసి, దాని మీద రెండు దిండ్లు పెట్టి, చేతులు వాటిమీద వాల్చి ముందుకు వంగమనాలి. ముక్కుతో పీల్చి, వేడి టీ ఊదినట్టు పెదాలు సున్నా చుట్టి వదలమనాలి. పీల్చినదానికి రెట్టింపు సేపు వదలాలి. ఊపిరి లెక్క మాత్రం అతనికి తెలియకుండా చూడాలి, తెలిస్తే లెక్క మారిపోతుంది. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, ఛాతీ వైపు చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పెద్దవాళ్లకి 12 నుంచి 20 మామూలు.

ఇంట్లో ఆక్సిజన్ పెట్టినవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది, నీ రాతలో అది లేదు. ఆయాసం పెరగ్గానే ప్రేమకొద్దీ మీటరు రెండు నుంచి అయిదుకి తిప్పేస్తారు. చుట్టా బీడీ తాగి, కట్టెల పొయ్యి ఊది సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చినవాళ్లలో కొందరికి ఎక్కువ ఆక్సిజన్ ప్రమాదం. ఒంట్లో బొగ్గుపులుసు గాలి పేరుకుని మగతలోకి జారిపోతారు. చూసేవాళ్లు హాయిగా నిద్రపట్టింది అనుకుంటారు. అలాంటివాళ్లకి సాధారణంగా వేలికి పెట్టే మీటరులో ఆక్సిజన్ 88 నుంచి 92 శాతం ఉంటే చాలంటారు. డాక్టరు గారు రాసిన అంకె మీద చెయ్యి వేయొద్దని రాయి. ఆ గదిలో దీపం, అగరొత్తి కూడా వద్దని రాయి.

యూరిన్ పైపు గురించి ఎక్కువ అక్కర్లేదు, బాగానే రాశావు. ఆటో సంగతి ఒక్కటి కలుపు. రోగిని ఆటోలో ఎక్కించి, బ్యాగు పైనున్న రాడ్డుకి తగిలించడం నేను చాలాసార్లు చూశాను. బ్యాగు పొత్తికడుపు కంటే పైకి వెళితే అందులో మూత్రం వెనక్కి పారుతుంది, దాంతోపాటే ఇన్‌ఫెక్షన్. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కూడా అది కిందే ఉండాలి, అయితే నేలకి తగలకూడదు. ఉన్నట్టుండి మామ్మగారు పొంతన లేకుండా మాట్లాడితే గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. ముసలివాళ్లకి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అలా కూడా బయటపడుతుంది, జ్వరం లేకపోయినా సరే.

ఎముకల భాగంలో కొబ్బరి ఈనె రాయి. పిండికట్టు లోపల దురద పుడితే మన పిల్లలు చీపురులోంచి ఈనె లాగి లోపలికి దూరుస్తారు. నేను చూసిన ఒక కుర్రాడికి కట్టు కోసేసరికి చీము, అందులో విరిగిన ఈనె ముక్క. కట్టు వేసిన రోజు వేళ్లు చూడటం నేర్పు. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. వేళ్లు తిమ్మిరెక్కినా, చల్లబడినా, మందులకి తగ్గని నొప్పి పెరుగుతూ ఉన్నా, వేలు కాస్త చాపితే ప్రాణం పోయినంత బాధ ఉన్నా తెల్లారేదాకా ఆగకూడదు. కొన్ని గంటల్లోనే కండ చచ్చిపోతుంది. చెట్టు మీంచి పడ్డ దింపు కార్మికుణ్ణి చేతులు, కాళ్లు పట్టుకుని లేపి బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టడం మన ఊళ్లలో ఇంకా ఉంది. 108కి ఫోన్ చేసి, అది వచ్చేదాకా తల, మెడ, నడుం ఒకే వరసలో ఉంచి కదపకుండా చూడాలి. తప్పనిసరై కదపాల్సొస్తే నలుగురు కలిసి ఒక్కసారే దొర్లించి తలుపు చెక్క మీదకి చేర్చాలి. దీనికి బొమ్మ గీయించు. మాటలతో చెబితే చాలదు.

రాసింది సరిగ్గా ఉందో లేదో చూసుకునే పద్ధతి చెబుతాను. వార్డులో "పేషెంటు తాలూకు ఎవరమ్మా?" అని పిలిస్తే లేచి వచ్చేవాళ్లుంటారు కదా, వాళ్లలో ఒకరికి నీ పేజీ చదివి వినిపించు. అర్థమైందా అని అడగకు, అర్థమైందనే అంటారు. చేసి చూపించమ్మా అను. చెయ్యి ఎక్కడ తడబడిందో అక్కడే నీ వాక్యం తిరగరాయాలి. "శయ్యావ్రణములు" అని చదివితే ఎవరూ కదలరు. పడక పుళ్లు అంటే వెంటనే నడుం కిందా మడమల కిందా చెయ్యి పెట్టి చూస్తారు. ఆవిడ నోటినుంచి వచ్చిన మాటే పుస్తకంలో పెట్టు, తక్కువ మాట అనుకోకు.

నీ పుస్తకంలో వరద లేదు. మన దగ్గర అది లేకుండా కుదరదు. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లే మనిషి గోదావరి మధ్య లంక గ్రామంలో ఉంటే, కాజ్‌వే మునిగాక పడవే దిక్కు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జూలైలో మూడోదీ దాటి లంకలు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. మొదటి హెచ్చరిక వినగానే రోగిని ఏటి ఇవతల చుట్టాలింటికి చేర్చాలని రాయి. రెండో దానికోసం చూడొద్దు. మందుల చీటీ, ఆఖరి డయాలసిస్ కాగితం, డయాలసిస్ తర్వాత ఉండాల్సిన బరువు రాసిన చీటీ ఒక ప్లాస్టిక్ కవరులో ఉండాలి. ఒక డయాలసిస్ తప్పిపోతే మళ్లీ అయ్యేదాకా నీళ్లు, ఉప్పు, పళ్లు ఇంకా తగ్గించాలి. పునరావాస కేంద్రంలో ఎవరైనా ప్రేమగా బొండం ఇస్తే వద్దనాలి. కరెంటు పోతే ఆక్సిజన్ మిషన్ ఆగిపోతుంది కాబట్టి ఆ ఇళ్లలో సిలిండరు ముందే ఉండాలి.

ఈ వరద పేజీ ముందు రాసి పంపు, మిగతావి నెమ్మదిగా చూద్దాం. పుస్తకం ఎప్పుడు తయారైనా, ఈ ఒక్క పేజీ జూలై లోపు కరపత్రంగా అచ్చు వేయించి లంకల్లో ఆశా కార్యకర్తలకి అందిద్దాం. ఖర్చు నేను పెట్టుకుంటాను.

ఆశీస్సులతో,
సిస్టరమ్మ