రాని డబ్బుకు పన్ను కట్టినవాడి జవాబు

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్పుకుంటాను. విజయవాడలో ఒక అపార్టుమెంటుకు ప్లంబింగ్ పని చేశారు. రూ.34 లక్షలు రావాలి. పని ముగిసి రెండేళ్ల నాలుగు నెలలైంది. జీఎస్టీ మాత్రం మీ జేబులోంచి కట్టేశారు. బిల్డరు ఇప్పుడు పని నాణ్యత బాగాలేదంటున్నాడు. ఎన్‌సీఎల్‌టీకి (కంపెనీల దివాలా కేసులు వినే ట్రిబ్యునల్) వెళ్లవచ్చా అని అడిగారు.

నేను న్యాయవాదిని కాను. హైదరాబాదులో 14 ఏళ్లుగా ఎలక్ట్రికల్ పనులు చేస్తున్న సబ్ కాంట్రాక్టరును. ఇదే వ్యవహారంలో ఒకసారి చేతులు కాల్చుకున్నాను.

ఎన్‌సీఎల్‌టీ ఆలోచన మానుకోండి. 2020 మార్చి 24 నుంచి అక్కడ దివాలా పిటిషన్ వేయాలంటే బకాయి కనీసం కోటి రూపాయలుండాలి. పైగా మీరు డిమాండ్ నోటీసు ఇవ్వకముందే నాణ్యత మీద నిజంగా వివాదం ఉందని ఆయన కాగితం చూపించగలిగితే, కోటి ఉన్నా పిటిషన్ నిలవదు. అందుకే అడుగుతున్నాను. ఆ మాట ఆయన నోటితో అన్నాడా, రాసి ఇచ్చాడా? మీరు డబ్బు అడగడం మొదలుపెట్టాక అన్నాడా, అంతకుముందే అన్నాడా? ఏ కోర్టుకు వెళ్లినా మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే.

మిమ్మల్ని నిజంగా తరుముతున్నది దావా వేయడానికి ఉన్న గడువు. చెల్లింపు తేదీ రాసుకోకపోతే పని పూర్తయిన నాటి నుంచి మూడేళ్లు, అంటే మీకు ఎనిమిది నెలలే మిగిలాయి. ‘బిల్లు ఇచ్చిన 30 రోజుల్లో చెల్లించాలి’ వంటి షరతు వర్క్ ఆర్డరులో ఉంటే ఇంకా చిక్కు. అప్పుడు పని సాగుతుండగా విడతలుగా ఇచ్చిన ప్రతి రన్నింగ్ బిల్లుకూ దాని గడువు దానిదే. మొదటి బిల్లులకు మూడేళ్లు ఇప్పటికే నిండి ఉండవచ్చు. గడువు ముగియకముందే బాకీ ఉన్నట్టు ఆయన సంతకంతో కాగితం దొరికితే మళ్లీ మూడేళ్లు వస్తాయి. నేనైతే మార్చి నెలలో వాళ్ల అకౌంట్స్ విభాగానికి వెళ్లి, ఆడిట్ కోసం బ్యాలెన్స్ నిర్ధారణ పత్రం కావాలన్నాను. డబ్బు అడిగితే ఫోనెత్తని డైరెక్టరు ఆ కాగితం మీద సంతకం చేసి స్టాంపు వేసి పంపాడు! ‘వచ్చే నెల చూద్దాం’ అనే వాట్సాప్ సందేశాన్ని నమ్ముకుని కూర్చోకండి.

ఇంత తెలిసీ నేను మునిగిపోయాను. నా బిల్లులు రూ.41 లక్షలు, వాటి మీద 18 శాతం చొప్పున రూ.7.38 లక్షల జీఎస్టీ. ఆ పన్ను కట్టడానికి ఇంట్లో బంగారం కుదువపెట్టాం. తర్వాత బ్యాంకు పిటిషన్‌తో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఆ ప్రకటన తెలుగు పత్రికలో వచ్చినా నాకు తెలియలేదు. టీ కొట్టు దగ్గర పేపరు చూసిన సెంట్రింగ్ మేస్త్రి ఫోన్ చేసి చెప్పాడు. క్లెయిముకు ప్రకటనలో ఇచ్చేది 14 రోజులే. హడావుడిగా మనలాంటివాళ్ల క్లెయిము పత్రమైన ఫారం బి నింపి పంపాను. రూ.26 లక్షలకే ఒప్పుకున్నారు. మిగతా కొలతల షీట్ల మీద సైట్ ఇంజనీరు సంతకాలు లేవు. పని జరుగుతున్నప్పుడు ‘మనవాడే కదా, తర్వాత పెట్టిస్తాడులే’ అనుకున్న సంతకాలవి. చివరికి చేతికి వచ్చింది రూ.1.3 లక్షలు. బ్యాంకులు, ఇళ్లు కొన్నవాళ్లు మనకన్నా ముందు వరుసలో ఉంటారు. కంపెనీ ఆస్తులు అమ్మితే మన వంతుకు ఏమీ మిగలదని లెక్క తేలితే, కంపెనీని నిలబెట్టేందుకు వేసే పరిష్కార ప్రణాళికలో మనకు సున్నా రాసినా చట్టం ఒప్పుకుంటుంది. మీ బిల్డరుకు ఆ పరిస్థితి రాకముందే కదలండి.

మీకు ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉందా? పని మొదలుపెట్టక ముందే తీసుకున్నదైతే చిన్న సంస్థల బకాయి తగాదాలు తేల్చే ఎంఎస్ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు దరఖాస్తు చేయవచ్చు. ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. కౌన్సిల్ తీర్పును సవాలు చేయాలంటే బిల్డరు ముందు 75 శాతం జమ చేయాలి. వినడానికి గొప్పగా ఉంది గానీ, సామగ్రి, కూలీ కలిపి చేసే వర్క్స్ కాంట్రాక్టు దీని కిందికి రాదని కొన్ని హైకోర్టులు అన్నాయి. మీ బిల్లుల్లో రెండూ కలిసి ఉంటే న్యాయవాదికి ముందే చూపించండి. ఈ దారి మూసుకుపోతే వాణిజ్య కోర్టు ఉంది. అత్యవసర ఉత్తర్వు అక్కర్లేని దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. అందులో గడిచే కాలాన్ని గడువులో లెక్కపెట్టరు.

ఇక పన్ను. కట్టిన జీఎస్టీ మీద ఆశ వదులుకోండి. డబ్బు రాలేదన్న కారణంతో దాన్ని వెనక్కి ఇచ్చే ఏర్పాటు ఈ చట్టంలో లేదు. ‘180 రోజుల్లో చెల్లించకపోతే ఇన్‌పుట్ క్రెడిట్ వెనక్కి కట్టాలని భయపెట్టండి’ అని చాలామంది చెబుతారు. కొన్నవాటి మీద కట్టిన పన్నును తాను కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడమే ఈ క్రెడిట్. 2019 ఏప్రిల్ నుంచి ఇళ్లు కట్టి అమ్మే బిల్డర్లు 1, 5 శాతం రేట్లలో అసలు క్రెడిట్ తీసుకోకుండానే పన్ను కడుతున్నారు. లేని క్రెడిట్ పోతుందంటే ఎవరు భయపడతారు? అంతకన్నా ఆదాయపు పన్ను నిబంధన ఒకటి బాగా పనిచేస్తుంది. 2024-25 మదింపు సంవత్సరం నుంచి, రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా చెల్లించని మొత్తాన్ని, బిల్డరు నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోవాలి. ఈ నిబంధన గుర్తుచేస్తూ రాసే ఉత్తరం బిల్డరుకే కాదు, ఆయన ఆడిటరుకు కూడా పంపండి.

మీ పేరున ఇతరులు ముందే కోసి కట్టిన పన్ను (టీడీఎస్) వివరాలు చూపే ఫారం 26ఏఎస్ కూడా తీసి చూడండి. ఆయన టీడీఎస్ కోసి ఉంటే మీ బిల్లును పుస్తకాల్లో ఎక్కించుకున్నట్టే. కేసు గెలవడానికి అదొక్కటే చాలదు గానీ, నాణ్యత బాగాలేదనేవాడు బిల్లు ఎందుకు ఎక్కించుకున్నాడని అడగవచ్చు. రాని బాకీని రద్దు రాసి ఆదాయపు పన్నులో మినహాయింపు పొందే వీలుంది, టర్నోవరులో కొంత శాతాన్ని లాభంగా చూపే అంచనా పద్ధతిలో రిటర్ను వేస్తుంటే అదీ లేదు.

ఇప్పుడు కొత్త పనులకు దశ పూర్తవడానికి చెల్లింపును ముడిపెట్టి ఒప్పందం రాసుకుంటున్నాను. నెలల తరబడి సాగే పనిలో అప్పుడు ట్యాక్స్ ఇన్వాయిస్ ఆ దశ పూర్తయ్యే నాటికి ఇస్తే చాలు. ఇదివరకు రన్నింగ్ బిల్లు పంపిన ప్రతిసారీ ఇన్వాయిస్ కూడా తగిలించి, నా మీద నేనే పన్ను వేసుకునేవాణ్ణి.

మీ ఉద్యం రిజిస్ట్రేషన్ తేదీ, ఆయన చివరిసారి ఎంతో కొంత చెల్లించిన తేదీ, వర్క్ ఆర్డరులోని చెల్లింపు షరతు ఇక్కడ రాయండి. కంపెనీ పేరు రాయవద్దు.